రెండెకరాల తాలింపు

నవ్వండి, నవ్వండి! నవ్వడం అయిపోయినాకనే టీ తాగుదాం. మా ఊర్లో రెండు నెలల నుంచి నవ్వుతానే ఉండారు. ఇంక ఎమ్మిగనూరు సంతలో మీరు నలుగురు నవ్వితే నాకేం పోతాది? కానీ సగం సగం విని నవ్వద్దండి. తప్పు చేసింది నేను, కాబట్టి మొత్తం నేనే చెప్తాను.

మాది కోసిగి పక్క అని తెలుసు గదా. దీపావళి దాటితే మా వీధులన్నీ ఖాళీ. అందరూ సుగ్గికి పోతారు, పత్తి తీసేకి, మిరపకాయలు కోసేకి గుంటూరు దిక్కు. నేనూ ఎనిమిదేండ్లు పోయినాను. పోయిన ప్రతిసారీ మా పాప బడి మానింది. ఇప్పుడది ఏడో తరగతి. "ఈసారి కూడా మధ్యలో మానిపిస్తే నేనింక బడికే పోనమ్మా, సిగ్గైతాది" అనింది. ఏడ్చి అనింటే ఓదార్చేదాన్ని. ఏడవకుండా అనింది. ఆ పొద్దే ఇంట్లో చెప్పేసినాను, "ఈ ఏడు నేను సుగ్గికి రాను. మన రెండెకరాల్లో పంట తీస్తాను" అని.

మా ఆయన ఈరన్న మంచోడు, ఏం చెప్పినా "ఊ" అంటాడు. మా బావ రామాంజి, అంటే ఆయన అన్న, అట్ల కాదు. సుగ్గికి లారీ మాట్లాడి మనుషుల్ని కూడేసేది ఆయనే. పక్కున నవ్వినాడు.

"ఆ సేన్లో ఏం పండిస్తావు నర్సమ్మా? పోయినేడు పత్తంతా పురుగుకే పెడితిరి."

"ఆవాలు వేస్తాను బావా."

"ఆవాలా! పోపుల డబ్బీలో ఏసుకో పో. మొలవకపోతే లారీ ఎక్కాల, సరేనా?"

"మొలవకపోతే మీకంటే ముందే ఎక్కి కూర్చుంటా!"

నోరు ఊరుకోదు గదా నాది.

రైతు సేవా కేంద్రంలో ఒక చిన్న మేడం ఉంది. పాపం, అన్నీ విడమర్చి చెప్పింది. నేను పాప నోటుబుక్కు వెనక పేజీలో రాసుకున్నాను. ఎకరాకు రెండు కేజీల విత్తనం. అంగుళం కంటే లోతు పోకూడదు. డీఏపీ గింజకు తగలకూడదు, పక్కన పడాల. జిప్సం వేస్తే నూనె బాగుంటాది. తెగులు రాకుండా విత్తనానికి ముందే మందు పొడి పట్టించాల. ఆవగింజ సన్నం కాబట్టి మూడింతలు ఎండు ఇసుక కలిపి గొర్రుతో విత్తాల, లేకపోతే ఒకేచోట కుప్పగా పడతాది.

అన్నీ కుదిరినాయి, ఇసుక ఒక్కటే కుదరలేదు. వానలు పడి వంకలో ఇసుకంతా తడి. ఊరు మొత్తానికి ఎండు ఇసుక ఒక్కచోటే ఉంది. మా బావ కొత్త గది కట్టేకి రేకు కింద పోసుకున్న కుప్ప! ఆయన్ని అడగాలంట. నేనా? చచ్చినా అడగను!

అప్పుడు నా బుర్రకు ఒక ఐడియా వచ్చింది. ఇంట్లో పాత కొర్రలు ఒక సంచి ఉండాయి. కొర్ర గింజ కూడా ఇంచుమించు ఆవగింజంతే. కొర్రల్ని వేయించి కలిపితే? వేయించింది మొలవదు గదా, ఇసుక మాదిరి పనికొస్తాది. అబ్బ, నా తెలివికి నేనే మురిసిపోయినాను. మేడంకు కూడా చెప్పలేదు, పంట వచ్చినాక చెప్పి ఆశ్చర్యపరుద్దామని.

విత్తేదానికి ముందురోజు డీఏపీ తెచ్చేకి ఎమ్మిగనూరు రావాల. కొర్రల సంచి మూలన ఉంది. ఆవాల సంచి దూలానికి కట్టింటి. ఎలుకలు కొట్టినాయేమో చూద్దామని ఆవాలు కిందికి దించినాను, చూసినాను, కొర్రల సంచికి ముందర పెట్టినాను. మళ్ళా పైకి కట్టడం మర్చిపోయి, కట్టేసినాననే అనుకున్నాను. బయట ఆటో వాడు హారన్ మీద హారన్. మా అత్తకు కేకేసి చెప్పినాను.

"అత్తా, మూలనుండే సంచి వేయించి పెట్టు!"

"రెండుండాయి గదమే, యాది?"

"ముందరిదే!"

"ఇత్తే గింజలు ఏంటికే ఏపేది?"

ఆమె అడిగింది, దేవుని సాక్షిగా అడిగింది! నేనేమో ఆమె కొర్రల గురించి అడుగుతాంది అనుకున్నాను. ఒక కాలు ఆటోలో పెట్టి ఏమన్నానో తెలుసా? "కొత్త పద్ధతి అత్తా, నీకు తెలీదు, చెప్పింది చెయ్యి!"

ఆమె చెప్పింది చేసింది. సన్న మంట మీద, ఓపికగా, నాలుగు కేజీలూ.

సాయంత్రం వచ్చేసరికి ఇల్లంతా తాలింపు వాసన. విత్తేవాళ్ళకు పప్పు చేసిందేమో, మంచి అత్త అనుకున్నాను. పొద్దున పట్ట పరిచి ఆవాలు పోసి మందు పొడి పట్టించినాను. అక్కడక్కడ గింజలు తెల్లగా చిట్లి ఉండాయి. పొడి అంటుకుందేమోలే అనుకున్నాను. మా ఆయన ముక్కు ఎగబీల్చి, "ఏం వాసనమే ఇది, ఆకలైతాంది" అన్నాడు. "మంచి కంపెనీ విత్తనం ఇట్లే ఉంటాది" అన్నాను. సచ్చిన గింజకు జబ్బు రాకుండా మందు పూసిన తల్లిని నేను!

మూలనుండే కొర్రలు దాంట్లో కలుపుకోని పోయి విత్తినాం. అంగుళం లోతు, సాలు సాలుకు కొలత, డీఏపీ పక్కన. మేడం చెప్పినట్టు ఒక్క తప్పు లేదు.

ఆరో దినానికి చేనంతా పచ్చగా లేచింది! ఎంత ఒత్తుగా అనుకున్నారు! దగ్గరికి పోయి చూస్తే ఒంటి ఆకు, గడ్డి మాదిరి. కొర్ర మాదిరే ఉందే అని ఇంకోటి పీకి చూసినాను. కానీ కొర్రలు వేయించినాం గదా? కాబట్టి ఇవి ఆవాలే! ఊర్లో ఆవాల మొలక చూసినోళ్ళు ఎవరుండారని? ధైర్యంగా పోయి మా బావను పిల్చుకొచ్చినాను.

ఆయన గెనెం గట్టు మీద నిలబడి చూసినాడు, వంగి చూసినాడు. "ఇది కొర్ర గదమ్మా" అన్నాడు.

"మీకేం తెలుసు బావా, ఇది కొత్త రకం ఆవాలు!"

ఆయన ఒక్కనికే కాదు, దావలో కనపడిన ప్రతి మనిషికీ అదే చెప్పినాను. నాలుగు దినాలు చెప్పినాను! చివరికి మేడం స్కూటీ దిగి వచ్చి, ఒక మొలక పీకి, నా చేతిలో పెట్టింది.

"అక్కా, ఇది కొర్ర."

"కొర్రలు వేయించినాం మేడం, ఎట్ల మొలుస్తాయి?"

వెనక నుంచి మా అత్త, "కొర్రలు నేనెప్పుడు ఏపితిని? నువ్వు ఏపమన్నది ఆవాలు గదా!"

ఆ మేడం నవ్వు ఆపుకోలేక స్కూటీ పట్టుకోని నిలబడింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. లారీ కనిపించింది కళ్ళ ముందర. దాంట్లో మా పాప.

ఆ సాయంత్రమే మా బావ వచ్చినాడు. "మాట అంటివి గదా నర్సమ్మా. మూటలు కట్టుకో" అన్నాడు. ఎగతాళి కూడా చేయలేదు, అది ఇంకా మండింది నాకు.

"లారీ పోయేకి ఇంకా పదైదు దినాలుంది బావా. ఆలోపల మొలవకపోతే అప్పుడు చెప్పు!"

ఒకెకరంలో కొర్ర అట్లే వదిలేసినాను, ఎద్దులకు మేతకు. ఇంకో ఎకరం గుంటక తోలి చదును చేసినాం. తుపాను వాన ఒకటి పడి పదను వచ్చింది. మళ్ళా రెండు కేజీల విత్తనం తెచ్చినాను. ఈసారి మా అత్త సంచి నా చేతికివ్వలేదు. గుప్పెడు గింజలు తడిగుడ్డలో కట్టి, మూడు దినాలు చూసి, మోసులు వచ్చినాకనే సరే అనింది. కానీ ఇసుక? మళ్ళా అదే కుప్ప!

"నేను అడగను అత్తా" అన్నాను.

"నువ్వడగాకు, నేనూ అడగను. నా కొడుకు ఇసుక, తీసుకుంటా" అనింది. బావ చూస్తానే ఉండాడు, ఆమె గంప నింపుకోని వచ్చేసింది. కన్నతల్లిని ఏమంటాడు!

లారీకి నాలుగు దినాల ముందు మొలిచినాయి. రెండేసి గుండ్రాకులు, ఈసారి మేడం చూసి ఒప్పుకున్న ఆవాలు. లారీ పోయింది, మేం పోలేదు. పాప పొద్దున్నే బ్యాగు తగిలించుకోని బడికి పోతాంటే గడపలో నిలబడి చూస్తాను రోజూ. ఆ ఒక్కదానికి ఊరంతా ఎన్ని నెలలు నవ్వినా నవ్వుకోనీ.

ఇప్పుడు చేను పసుప్పచ్చగా పూతలో ఉంది. పేనుబంక రాకుండా పసుపు అట్టలకు ఆముదం పూసి కట్టినాను. నిన్న మేడం రైతుల మీటింగు పెట్టి, "అక్కా, నీ అనుభవం చెప్పు" అని మైకు నా చేతికిచ్చింది. నేనేమన్నా తగ్గుతానా? లోతు, ఎరువు, జిప్సం, మందు పొడి, అన్నీ గడగడా చెప్పినాను. మా ఆయన కూడా నోరు తెరుచుకోని చూస్తాండాడు.

అప్పుడు వెనక వరసలో ఒక పెద్దాయన లేచినాడు. మొహంలో నవ్వన్నదే లేదు.

"అంతా బాగుందమ్మా. ఇత్తనాలు పచ్చివే ఎయ్యాల్నా, ఏపి ఎయ్యాల్నా?"

షామియానా ఎగిరిపోయిందనుకోండి! మేడం ఫైలు అడ్డం పెట్టుకోని నవ్వుతాంది. మా అత్తైతే నేల మీద కూలబడింది. నేను మైకు వదల్లేదు. నవ్వులు తగ్గేదాకా ఆగి, గట్టిగా చెప్పినాను.

"పచ్చివే వేయండి పెద్దాయనా. వేయించినవి నేను రెండెకరాల్లో వేసి చూసినాను, మొలవవు. ఎవరికైనా డౌటుంటే నన్నే అడగండి, ఈ మండలంలో ఆ పంట పెట్టింది నేనొక్కదాన్నే!"