ములికి వెనక ఇత్తడి

మా బావ వేటకు బాణాలు చేస్తాడు. చేసేవాడు అనాలి. ఆ మాట ఇంకా నా నోటికి రావడం లేదు. పెళ్ళయిన కొత్తలో "ఈయన బాణం కాడలతో గడిపినంతసేపు నాతో గడపడే" అని అక్క వాపోతే, "కాడలైతే చెప్పినట్టు వంగుతాయి, నువ్వు వంగుతావా?" అని నేను ఏడిపించేదాన్ని. బావ కాడను రెండు కొసలా పట్టుకుని, నడుమ బొటనవేలితో నొక్కి, అదెంత బిరుసో చెప్పేసేవాడు. కొలిచే పనిముట్టు కొనుక్కోమంటే, "చేతులున్నది దేనికి?" అనేవాడు.

మా ఆయన వేటగాడు. పోయినేడు మెట్ల మీద నుంచి పడి భుజం విరగ్గొట్టుకున్నాడు. గట్టి విల్లు లాగలేక మెత్తని విల్లు పట్టాడు. దాంతో బాణం లోతుగా దిగడం లేదు.

"అన్నయ్యా, బాణానికి ముందు వైపు బరువు పెంచి ఇవ్వు" అని బావను అడిగాడు.

ములికి, అంటే బాణం మొన, దాని వెనక ఇత్తడి గొట్టం తొడిగితే బరువంతా ముందుకు చేరి బాణం లోపలిదాకా దిగుతుంది. అయితే ఒక చిక్కుంది. ముందు ఎంత బరువు పెడితే కాడ అంత బిరుసుగా ఉండాలి. లేకపోతే విల్లు వదలగానే కాడ వంగిపోయి, బాణం తోక ఊపుకుంటూ పక్కకు పోతుంది. ఇది మాకు నేర్పింది బావే.

ఆ బాణాలు కట్టే రోజు నేను అక్క ఇంట్లోనే ఉన్నాను. పనిగదిలో బావ గొట్టంలో వేడి జిగురు పోస్తుంటే ఒక చుక్క బొటనవేలి మీద పడింది. ఆయన కదల్లేదు.

"బావా, వేలు కాలుతోంది!" అని అరిచాను.

ఎవరి వేలో అన్నట్టు చూసుకున్నాడు. "అలవాటైపోయిందిలే మరదలా" అని నవ్వబోయాడు. తలుపు దగ్గర అక్క కళ్ళు తుడుచుకుంది. బావ వేళ్ళలో స్పర్శ పోయిందట, అక్క చాటుగా చెప్పింది. ఇక తిరిగి రాదని డాక్టరు చెప్పేశాడట. మరి ఈ మనిషి ఇన్నాళ్ళూ ఏ వేళ్ళతో కాడలు ఏరుతున్నాడు?

మా ఆయనకు చెప్పాను. ఆయన ఆ బాణాలు తెచ్చి గడ్డిమోపు మీద వేసి చూస్తే అన్నీ తోక ఊపాయి.

"వెళ్ళి చెప్పు" అన్నాను.

"ఏమని? నీ చేతులు చచ్చిపోయాయి అన్నయ్యా అనా? అడవిపందే కదా, దగ్గరికెళ్ళి కొడతాలే."

"నీ మొహమాటం తగలెయ్య! ఆ పందికేం తెలుసు నీ మొహమాటం?" అని కసిరాను. వినలేదు.

దగ్గరికే వెళ్ళాడు. గుండెకు గురిపెడితే బాణం డొక్కలో దిగింది. పంది బాణంతోనే పొదల్లోకి పరుగెత్తింది. చీకటి పడేదాకా వెతికినా దొరకలేదు.

మా ఇళ్ళలో వేట పడితే మెడ మాంసం బాణం కట్టినవాడికి పంపాలి. పంపకపోతే బావకు విషయం తెలిసిపోతుంది. మా మహానుభావుడు కసాయి కొట్టుకెళ్ళి పంది మాంసం కొని అక్కకు ఇచ్చాడు. నేను నోరు కుట్టేసుకుని వెంట వెళ్ళాను.

"ఎలా దిగింది?" అన్నాడు బావ.

"ఈకల దాకా దిగింది అన్నయ్యా. అక్కడే కూలబడింది."

బావ మొహం వెలిగిపోయింది. అబద్ధమైతేనేం, ఈ మొహం ఇలాగే ఉండనీ దేవుడా అనుకున్నాను. అక్క వండి వడ్డించింది. ఒక ముక్క తిన్నాడు. రెండోది నమిలి నమిలి ఆగిపోయాడు.

"మీ ఆయన మంచోడు మరదలా. కొట్లో పందిని కొట్టడానికి అంత ముందు బరువు దేనికట?"

మా ఆయన తల దించుకున్నాడు.

"ఎక్కడ తగిలింది?"

"డొక్కలో."

బావ కంచం పక్కకు నెట్టాడు. "డొక్కలో తగిలితే తొందరగా చావదు. నాకు తెలుసు తమ్ముడూ. నా వేళ్ళకు బిరుసు అందడం లేదని ఏరేటప్పుడే తెలుసు. ఒక్కటైనా బిరుసుది పడకపోతుందా అనుకున్నా."

తెల్లారి ఇద్దరూ వెళ్ళి వెతికారు. దొరకలేదు. మర్నాడు బావ ఒక్కడే వెళ్ళాడు. బాణాలు కట్టడం మానేసి ఇప్పటికీ వెళ్తూనే ఉన్నాడు. అదెప్పుడో చచ్చిపోయి ఉంటుందని మేమందరం చెప్తాం.

"అయ్యుంటుంది. చచ్చిందని కళ్ళారా చూస్తే చాలు" అని చెప్పులు వేసుకుంటాడు.