నేను దాచిన పాత కెర్నల్

కాన్పు సెలవు అయిపోయి నేను కాలేజీకి తిరిగి వెళ్ళిన మొదటి రోజే మా పాత ల్యాబ్‌లో ఒక్క స్క్రీను కూడా వెలగలేదు. మర్నాడు యూనివర్సిటీ ప్రాక్టికల్ పరీక్ష.

అప్పట్లో ఇబ్రహీంపట్నం దాటాక సాగర్ రోడ్డు పొడుగునా ఇంజనీరింగ్ కాలేజీలు లేస్తున్నాయి. కాలేజీకీ కాలేజీకీ మధ్య చేలు, చేలల్లో తెల్ల రంగు వేసిన ప్లాటు రాళ్ళు. అలాంటి ఒక కాలేజీలో నేను ల్యాబ్ ప్రోగ్రామర్‌ని. ప్రతి ఏడూ మా డిపార్ట్‌మెంట్ హెడ్ సార్ సంతకం పెడితేనే ఉద్యోగం ఉన్నట్టు. ఆ ఏటి సంతకం ఇంకా కాలేదు. పెద్ద అంబర్‌పేట్ గోదాములో మా ఆయన చేసే పనితో ఇల్లు నడవదని హెడ్ సార్‌తో సహా అందరికీ తెలుసు.

కాలేజీకి ఇంటర్నెట్ ఉండీ లేనట్టు వచ్చేది. అందుకని మా సిస్టమ్‌లను నడిపే లినక్స్‌కు కావలసిన ప్యాకేజీలన్నీ నేనే ఒక సర్వర్ మీదికి తెచ్చి పెట్టాను. దాన్ని రిపాజిటరీ అంటారు. ఏ సిస్టమ్‌కు ఏం కావాలన్నా అక్కడి నుంచే తీసుకుంటుంది. ఆ సర్వర్ రోజూ బయటి సర్వర్‌తో సరిచూసుకుని, అక్కడ కొత్తది వస్తే తెచ్చుకునేది, అక్కడ పాతది తీసేస్తే ఇక్కడా తీసేసేది. ఆ తీసేయడం దగ్గరే నాకు భయం. కెర్నల్ అనేది సిస్టమ్‌లో అన్నిటికన్నా ముందు లేచి స్క్రీనుకూ కీబోర్డుకూ పని చెప్పేది. బయట కొత్త కెర్నల్ రాగానే పాతది మాయమవుతుంది. మా పాత ల్యాబ్ సిస్టమ్‌లకేమో కొత్త కెర్నల్ పడదు. స్క్రీను నల్లగా ఉండిపోతుంది. అందుకే పాత కెర్నల్స్ అన్నిటినీ వేరే ఫోల్డర్‌లో పెట్టి, దాని జోలికి పోకుండా సర్వర్‌కు కట్టడి చేశాను.

హెడ్ సార్‌కు ఆ ఫోల్డర్ అంటే మంట. ఆయనది కోస్తా. వనస్థలిపురంలో ఇల్లు, రావిర్యాల వైపు ప్లాట్లు. నాకు నెలలు నిండి వంగలేని రోజుల్లో ఒకసారి స్టాఫ్ అందరి ముందు సర్వర్ చూపిస్తూ అన్నాడు.

"మీ ఊళ్ళల్లో అటకలు ఎలా ఉంటాయో ఇది చూస్తే తెలుస్తుందమ్మా. చిల్లు పడిన బిందె కూడా పారెయ్యరు కదా మీరు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఇంకోటి అంటాడని.

నేను సెలవులో ఉండగా నా పని మా ఊరివాడే అయిన ఇంకో ప్రోగ్రామర్‌కు ఇచ్చారు. నన్ను అక్కా అని పిలుస్తాడు. సర్వర్‌లో జాగా చాలట్లేదని, తనిఖీకి వచ్చేవాళ్ళకు అన్నీ లేటెస్ట్ కనబడాలని చెప్పి హెడ్ సార్ నా ఫోల్డర్ తీయించేశాడు. సిస్టమ్ లేచేటప్పుడు మెనూలో రెండు కెర్నల్స్ కనబడితే పిల్లలు తికమక పడతారట, అందుకని సిస్టమ్‌లలో ఉన్న పాతది కూడా తీయించాడు. ముందు కొత్త ల్యాబ్‌లో చూశారు, బాగానే ఉంది. పాత ల్యాబ్ సెలవులకు తాళం వేసి ఉంది. దాని సిస్టమ్‌లకు తాళం తీయకుండానే సర్వర్ నుంచి కొత్త కెర్నల్ పంపేశారు. నేను వెళ్ళిన పొద్దున తాళం తీసి చూస్తే వరసలన్నీ చీకటి.

మా ఊరోడు తల వంచుకుని నిలబడ్డాడు. హెడ్ సార్ వాడిని ఏమీ అనలేదు. నా వైపు తిరిగి, ఈ ల్యాబ్ పెట్టింది మీరే కాబట్టి మీరే లేపాలన్నాడు.

బయటి సర్వర్‌లలో వెతికాను. మాకు కావలసిన వెర్షన్ లేదు. ఎక్కడో దూరాన ఒకచోట కనబడింది, సగం దిగి లైన్ పడిపోయింది. మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ పడిపోయింది. మధ్యాహ్నానికి పాలు చేపి జాకెట్టు తడిసింది. అమ్మ తన పాత చీర ముక్కలు మడిచి లోపల పెట్టి పంపింది, అవి కూడా తడిసిపోయాయి. బిడ్డ సీసా పట్టదు. ఒంటిగంటకు ఇంటికొచ్చి పాలిచ్చి పోతానని అమ్మకు చెప్పాను. నేను రాకపోయేసరికి అమ్మే ఆటోలో బిడ్డను తీసుకుని గేటు దగ్గరికి వచ్చింది. స్టాఫ్ పిల్లల్ని లోపలికి రానివ్వద్దని హెడ్ సార్ ఆర్డరని వాచ్‌మన్ ఆపేశాడు. ల్యాబ్ కిటికీలోంచి గేటు కనబడుతుంది. అమ్మ కొంగు బిడ్డ తల మీద కప్పి ఎండలో నిలబడి ఉంది. ఏడుపు వినిపించేంత దగ్గర కాదు, అయినా నాకు వినిపించింది.

పది నిమిషాలు పోయి వస్తానని హెడ్ సార్‌ను అడిగాను.

"ముందు సిస్టమ్స్ సంగతి చూడండి. పిల్ల ఏడిస్తే ఊపిరితిత్తులకు బలం" అన్నాడు. ఆ మాటకు తనే నవ్వుకున్నాడు.

అమ్మ ఫోన్ చేసింది. "బిడ్డా, గుక్క పట్టి ఏడుస్తున్నది. ఏం జెయ్యను?"

"ఇంటికి తీస్కపో అమ్మా."

ఆటో మళ్ళి వెళ్ళడం చూశాను.

అప్పుడు స్టోర్ రూము గుర్తొచ్చింది. కాలేజీలో పాడైన వస్తువును ఎవరూ పారెయ్యలేరు. డెడ్ స్టాక్ అని రాసి, అందరి సంతకాలూ అయ్యేదాకా అట్లాగే పడి ఉండాలి. అందులో పాత ల్యాబ్ సిస్టమ్ ఒకటుంది, కీబోర్డు తగిలించే చోటు విరిగిపోయింది. నా సెలవుకు ముందే అక్కడికి చేరింది కాబట్టి దాన్ని ఎవరూ అప్‌డేట్ చేయలేదు. డిస్క్ విప్పి వేరే సిస్టమ్‌కు తగిలిస్తే, అప్పుడు దించుకున్న కెర్నల్ ప్యాకేజీ చెక్కు చెదరకుండా ఉంది. ఒక కాపీ నా పెన్ డ్రైవ్‌లో వేసుకుని, సర్వర్‌లో పెట్టాను. నల్లబడిన సిస్టమ్‌లు లోపల నడుస్తూనే ఉన్నాయి, చూపే లేదు. సర్వర్ నుంచే ఒక్కొక్కదానికీ పంపాను. చీకటి పడేలోగా అన్ని స్క్రీన్లూ వెలిగాయి.

ఇంటికి వెళ్ళేసరికి బిడ్డ ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది. లేపినా పట్టలేదు. పాలు గడ్డకట్టి నాకు జ్వరం వచ్చింది.

మర్నాడు జ్వరంతోనే వెళ్ళాను. పరీక్ష సాఫీగా జరిగింది. బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్‌కు సమోసాలు తెప్పించి, హెడ్ సార్ నన్ను పిలిచాడు. సంతకం పెడతాడేమో అనుకున్నాను. ఆ కెర్నల్ ఎక్కడ దొరికిందని అడిగాడు. స్టోర్ రూములో అన్నాను.

"చూశారా సార్" అన్నాడు ఎగ్జామినర్‌తో. "సెలవుకి వెళ్తూ తనే అక్కడ దాచింది. తను లేకపోతే కాలేజీ నడవదని మనకి తెలియాలిగా. ఆడవాళ్ళు తాళం బొడ్లో దోపుకుని ఇల్లంతా వెతికిస్తారే, అలాగ."

ఎగ్జామినర్ నవ్వాడు. మా ఊరోడు సమోసా కేసి చూస్తూ ఉండిపోయాడు. నేను దాచలేదని, అది డెడ్ స్టాక్ అని చెప్పబోయాను. ఈ సెమిస్టర్‌తో చాలు, ఇంట్లో పిల్లని చూసుకోండి అన్నాడు హెడ్ సార్. నేను తలుపు దాకా పోకముందే వీపు వెనక ఇంకో నవ్వు వినిపించింది.

తర్వాతి ఏడు పరీక్షలప్పుడు మా ఊరోడి ఫోన్ వచ్చింది.

"అక్కా, మల్ల గదే అయింది. సార్ మల్ల అంత సాఫ్ చేయించిండు. నీ దగ్గర గా పాత కెర్నల్ ఏమన్న ఉన్నదా?"

"స్టోర్ రూముల గా పాత సిస్టమ్ ఉండె గదా?"

"గవన్ని స్క్రాప్‌కు పోయినయ్. రేపు ఎగ్జామ్ అక్కా."

"సార్ పక్కకే ఉన్నడా?"

"అవ్, ఉన్నడు."

"ఫోన్ ఇయ్యి."

అటు గుసగుస వినిపించింది. తర్వాత వాడు, "మీటింగ్‌ల ఉన్నడట అక్కా" అన్నాడు.

"గట్లనా. ఐతే నా దగ్గర లేదు."

పెన్ డ్రైవ్ బిడ్డ కాటుక డబ్బాలో ఉంది. ఆ మాట అంటున్నప్పుడు డబ్బా నా చేతిలోనే ఉంది.

ఆ కాలేజీలో చదివే అమ్మాయి మా వీధి చివర ఉంటుంది. మర్నాడు మధ్యాహ్నమే బస్సు దిగి వస్తూ మా గుమ్మం ముందు ఆగింది. సిస్టమ్స్ లేవలేదని, పరీక్ష ఎప్పుడో తెలియదని, హెడ్ సార్‌ను ప్రిన్సిపల్ అందరి ముందు నిలబెట్టి అడిగాడని చెప్పింది. ఏడ్చి కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "మీరుంటే ఇట్ల కాకపోతుండె మేడమ్" అంది.

మంచినీళ్ళు ఇచ్చాను. సార్ ఎంతసేపు నిలబడ్డాడని అడిగాను. ఆమె చెప్పాక ఇంకోసారి చెప్పించుకున్నాను.

ఇప్పుడు బిడ్డ నడుస్తోంది. చేతికందిందల్లా లాగుతుంది. ఇందాక కాటుక డబ్బా పట్టుకుని గలగలమని ఊపుతుంటే మెల్లిగా లాక్కుని పైన పెట్టాను. ఏడ్చి పడుకుంది. హెడ్ సార్ ఫోన్ చేస్తే పెన్ డ్రైవ్ ఇస్తాను. ఆయనే చెయ్యాలి.