బంద్ ఉంటేనే షూటింగ్

మా సీరియల్లో తార్నాక దుకాణాలు ఒక్కసారి కూడా తెరుచుకోవు. పదమూడు భాగాల్లో మా హీరో ఆ చౌరస్తా ఎన్నిసార్లు దాటాడో లెక్కలేదు. దాటిన ప్రతిసారీ వెనక షట్టర్లు దించే ఉంటాయి. ఈ సంగతి మొదట కనిపెట్టింది చానెల్లో కార్యక్రమాలు ఎంపిక చేసే పెద్దమనిషి. మొదటి నాలుగు భాగాలు చూస్తూ మిర్చి బజ్జీలు తిన్నాడు. నూనె వేళ్లు నా స్క్రిప్టు అట్టకి తుడుచుకున్నాడు. తర్వాత అడిగాడు.

"ఏమ్మా, మీ తార్నాకలో రోజూ సెలవేనా?"

నవ్వాను. అలాంటివాళ్ల ముందు నవ్వడం ఆ ఏడాది నాకు బాగా అలవాటైంది. ఇప్పుడు ఆ నవ్వు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

అసలు కారణం అతనికి చెప్పలేదు. మేం రోడ్డు మీద తీసిన సీన్లన్నీ బంద్ రోజుల్లోనే తీశాం.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. నేను తార్నాకలో ఒక కోచింగ్ సెంటర్‌లో ఇంగ్లిష్ చెప్పే పని మానేసి, ఎవరి అండా లేకుండా సొంతంగా టీవీ సీరియల్ తీస్తానని బయలుదేరాను. అత్తాకోడళ్లు లేని సీరియల్. చదువు అయిపోయి, ఉద్యోగం రాక, ఊరికి పోవడానికి మొహం చెల్లక, యూనివర్సిటీ హాస్టల్లో స్నేహితుడి గదిలో తలదాచుకునే ఒక కుర్రాడి కథ. మా బలగం మొత్తం ముగ్గురం. నేను, ముషీరాబాద్‌లో ఫొటో స్టూడియో పెట్టుకుని పెళ్లి వీడియోలు తీసే కెమెరామన్, మా హీరో. హీరో అంటే నటుడేం కాదు. నల్లగొండ వైపు నుంచి వచ్చి క్యాంపస్‌లో ఎం.ఏ. చదువుతున్నవాడు. హాస్టల్ వాళ్లు వేసిన నాటికలో చూసి, నా సీరియల్లో చేస్తావా అని అడిగాను.

"నాకు యాక్టింగ్ రాదక్కా. గని గిది నా కతనే గద. ఉన్నట్టు ఉంట, తీస్కో" అన్నాడు.

తక్కిన పాత్రలకు ఆ పూట ఎవరు దొరికితే వాళ్లే.

పేదరికంలో కళ వికసిస్తుందని ఎవరైనా అంటే వాళ్లను నా లైట్ల పెట్టె దగ్గర కూర్చోబెట్టాలనిపిస్తుంది. అద్దెకు తెచ్చిన ఆ పెట్టె మూత తీస్తే ఎలుకల కంపు. కథంతా మూడు వారాల్లో జరుగుతుంది కనుక హీరోకి ఎక్కువగా ఒకటే చొక్కా. ఉతికితే రంగు వెలిసి సీన్లు కలవవని ఎనిమిది నెలలు దాన్ని ఉతకనివ్వలేదు. చెమట, హాస్టల్ సాంబారు, టియర్ గ్యాస్ అన్నీ పట్టిన ఆ చొక్కాని కవర్లోంచి రెండు వేళ్లతో తీసి అతనికి ఇచ్చేదాన్ని. నేను మొహం తిప్పుకునేదాన్ని, అతను మాత్రం మాట్లాడకుండా తొడుక్కునేవాడు.

మామూలు రోజున రోడ్డు మీద షూటింగ్ అంటే నరకం. అనుమతి కోసం తిరిగి తిరిగి చెప్పులరిగాయి. అనుమతి లేకుండా కెమెరా పెడితే నిమిషంలో యాభైమంది మూగుతారు. "ఏ సీరియల్ మేడం?" "హీరోయిన్ ఏది?" అని అడుగుతూ కెమెరాలోకి చేతులూపుతారు. ఆటోల హారన్లలో డైలాగు ఒక్కటీ వినపడదు. మొదటి నెలలో మేం తీసిందంతా చెత్తబుట్టకే పనికొచ్చింది.

అప్పుడొకసారి బంద్ వచ్చింది. ఇంట్లో కూర్చోలేక ముగ్గురం చౌరస్తాకి నడిచాం. బస్సు లేదు, ఆటో లేదు, మనిషి లేడు. ఎక్కడో కాకి అరిస్తే వినపడుతోంది. కెమెరామన్ రోడ్డు మధ్యలో నిలబడి చేతులు బార్లా చాపాడు.

"మేడం, గింత పెద్ద సెట్టు ఏ స్టూడియోల దొర్కుతది? అంత ఫ్రీ!"

ఆ రోజు ఒక్క పూటలో రెండు భాగాలకు సరిపడా తీశాం. పోలీసులు మమ్మల్ని విలేకరులనుకున్నారు. జెండాలతో వచ్చిన కుర్రాళ్లు మా హీరోని గుర్తుపట్టి, "మనోడే, తీస్కోనియ్యుండ్రి" అని పక్కకి జరిగారు. ఆ రోజు నుంచీ మాకు అదే పద్ధతి. బంద్ ఉంటేనే షూటింగ్. హీరో పొద్దున ఊరేగింపులో నినాదాలిచ్చి, గొంతు బొంగురుపోయి వచ్చేవాడు. నిన్నటి గొంతుతో ఇవాళ్టి గొంతు కలవడం లేదని నేను విసుక్కునేదాన్ని. "కాసేపు అరవకుండా ఉండలేవా?" అనేదాన్ని. అతను వేడినీళ్లు తాగి వచ్చేవాడు. దేనికోసం అరుస్తున్నాడో నాకు తెలియక కాదు. నాకు పట్టలేదంతే.

ఇంట్లో అమ్మకి మాత్రం బంద్ అంటే దడ. నాన్న ఉద్యోగం కోసం గుంటూరు వైపు నుంచి వచ్చి తార్నాకలో ముప్పై ఏళ్లుగా ఉంటున్నాం. నాన్న పోయాడు. అమ్మ బడిలో టీచరుగా చేసి రిటైరైంది. "మనల్ని ఇక్కడ ఉండనిస్తారంటావా?" అని వారానికోసారైనా అడిగేది. రోజూ సాయంత్రం ప్రార్థనలో, "ప్రభువా, ఈ ఊరికి శాంతి దయచేయుము. రేపు పిల్లలు క్షేమంగా బడికి వెళ్లి వచ్చునట్లు చూడుము" అనేది. నేను పక్కన మోకరించి ఆమెన్ అనేదాన్ని. లోపల మాత్రం రేపు బంద్ పడితే బాగుండుననుకునేదాన్ని. ఒకే చాప మీద నుంచి ఒకే దేవుడికి రెండు అర్జీలు వెళ్లేవి.

ఒకరోజు గోడ కేలెండర్‌లో నేను బంద్ రోజులకి పెన్సిల్‌తో సున్నాలు చుట్టి, పక్కన సీన్ నంబర్లు రాసుకోవడం అమ్మ చూసింది.

"ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పిమ్మన్నాడంట నీలాంటోడు" అంది.

"బంద్ నేను పిలిచానా?" అని ఎదురు తిరిగాను. "ఎలాగూ జరిగేదాన్ని వాడుకుంటే తప్పేంటి?"

అమ్మ వంటింట్లోకి వెళ్లింది. హాస్టల్ మెస్ మూసేశారని తెలిసి మా హీరోకి పెరుగన్నం డబ్బా కట్టి, "ఇది ఆ బాబుకివ్వు" అని నా చేతిలో పెట్టింది.

అలా పన్నెండు భాగాలు పూర్తయ్యాయి. పదమూడోది ఒక్క సీను దగ్గర ఆగిపోయింది. ఆఖరి సీను. కుర్రాడు హాస్టల్ వదిలేసి, తన రేకుపెట్టె భుజాన పెట్టుకుని, క్యాంపస్ గేటు నుంచి చౌరస్తా దాకా నడిచిపోతాడు. మాటలేం లేవు. ఒకే షాట్. సీరియల్ మొత్తానికి నేను నమ్ముకున్నది దాన్నే. ఈలోగా చానెల్ పెద్దమనిషి ఫోన్ చేశాడు. శనివారం లోపు పదమూడు టేపులూ చేతికి రాకపోతే ఆ టైము జుట్టునూనె ప్రకటనల వాళ్లకి ఇచ్చేస్తానన్నాడు. "మీ కుర్రాడు మరీ నల్లగా ఉన్నాడు, ఆఖర్లోనన్నా కాస్త పౌడరు కొట్టించు" అని కూడా అన్నాడు. దానికీ నవ్వాను.

అప్పటికే బంద్‌లు ఆగిపోయాయి. చర్చలన్నారు, ఢిల్లీ అన్నారు. నెలన్నర రోజులుగా దుకాణాలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. ఊరంతా ఊపిరి పీల్చుకుంటుంటే నాకు ఒళ్లు మండిపోయేది. టీవీ కింద పరిగెత్తే వార్తల్లో బంద్ అన్న మాట కోసం కళ్లు కాయలు కాసేలా చూసేదాన్ని. "ఈ నాయకులకి ఒక్క బంద్ పిలిచే దమ్ము లేదా?" అని ఒకరోజు హీరో ఎదుటే అనేశాను.  తెగించి ఒక మామూలు రోజున ప్రయత్నించాం. సిటీ బస్సు వచ్చి కెమెరా ముందే ఆగింది. అయినా పన్నెండు భాగాల్లో మూసి ఉన్న దుకాణాలు పదమూడో భాగంలో ఒక్కసారిగా తెరుచుకుంటే చూసేవాళ్లు ఏమనుకుంటారు? నేను తవ్వుకున్న గోతిలో నేనే పడ్డాను.

బుధవారం మధ్యాహ్నం హీరో ఫోన్ చేశాడు. గొంతు గుర్తుపట్టలేకపోయాను.

"అక్కా, మా రూంల పిల్లగాడు పానం తీస్కుండు. తెలంగాణ కోసం అని చిట్టీ రాసిపెట్టిండు."

ఆ అబ్బాయి నాకు తెలుసు. గదిలో షూటింగ్ చేసినప్పుడల్లా తన మంచం ఎత్తి బయట పెట్టి, మాకు జాగా ఇచ్చి, వరండాలో కూర్చుని చదువుకునేవాడు.

"అయ్యో" అన్నాను. ఎప్పుడని అడిగాను. తర్వాత నా నోటి నుంచి వచ్చిన మాట ఇది.

"రేపు బంద్ ఉంటుందా?"

అన్నాకే నాకు వినపడింది. 

"ఉంటదక్కా" అన్నాడు. "పొద్దుగాల్నే మూస్తరు. కెమెరా తీస్కరా."

కోపం లేదు ఆ గొంతులో. తిట్టి ఉంటే బాగుండేది. ఆ సాయంత్రం అమ్మ ఆ అబ్బాయి తల్లిదండ్రుల కోసం ప్రార్థన చేస్తే నాకు ఆమెన్ అనడానికి నోరు రాలేదు. అయినా రాత్రి పడుకునే ముందు బ్యాటరీలు చార్జింగ్‌లో పెట్టాను. నా మీద నాకు అంత అసహ్యం అంతకు ముందెప్పుడూ వేయలేదు. వేసి మాత్రం ఏం లాభం, బ్యాటరీలు పెట్టనే పెట్టాను.

పొద్దున ఏడింటికి చౌరస్తాలో షట్టర్లన్నీ దించి ఉన్నాయి. కెమెరామన్ స్టాండు నిలబెట్టాడు. క్యాంపస్ వైపు నుంచి హీరో భుజాన రేకుపెట్టెతో వచ్చాడు. ఆ చొక్కానే వేసుకున్నాడు. అయితే పెట్టె మేం అనుకున్నది కాదు. నీలం రంగుది, మూత మీద తెల్ల పెయింట్‌తో ఊరి పేరు రాసి ఉంది.

"ఇది మన పెట్టె కాదు కదా?" అన్నాను.

"వానిదక్కా. గేటు కాడ పోలీసోళ్లు బయటోళ్లను లోపటికి ఇడుస్తలేరు. వాళ్ల నాయిన చౌరస్త కాడ కూసున్నడు. పెట్టె ఇచ్చి రావాలె. నడుస్తుంటె తీస్కోండ్రి, నీ పని గూడ అయితది."

అప్పుడు చూశాను. చౌరస్తా అవతల మూసిన మందుల షాపు మెట్ల మీద తెల్ల పంచె కట్టుకున్న పెద్దాయన కూర్చుని ఉన్నాడు. పక్కన మరొకాయన నిలబడి ఉన్నాడు. ఇద్దరూ మా వైపే చూస్తున్నారు.

ఆపమని నేను చెప్పొచ్చు. కెమెరా సంచిలో పెట్టించొచ్చు. నేను "యాక్షన్" అన్నాను.

అతను నడిచాడు. ఎనిమిది నెలల్లో ఎప్పుడూ అలా నడవలేదు. చౌరస్తా దాటాడు. పెద్దాయన మెట్ల మీద నుంచి లేచి, పెట్టె అందుకోవడానికి రెండు చేతులూ చాపాడు.

"మేడం, ఫోకస్ పోయింది" అన్నాడు కెమెరామన్. "వన్ మోర్ కావాలె."

రోడ్డంతా నిశ్శబ్దం. నేను గట్టిగా అరవాల్సిన అవసరం కూడా లేదు.

"తమ్ముడూ, ఒక్కసారి వెనక్కి రావా? ఇంకొక్కటి."

అతను ఆగాడు. పెద్దాయనకి ఏదో చెప్పాడు. పెద్దాయన నా వైపు చూశాడు, ఇదేదో ఇక్కడి పద్ధతి కాబోలు, తనకి తెలియదు కాబోలు అన్నట్టు తలూపి, చాపిన చేతులు దించుకుని మెట్ల మీద కూర్చున్నాడు. మా హీరో పెట్టె మళ్లీ భుజానికెత్తుకుని గేటు దాకా వెనక్కి నడిచి, అక్కడి నుంచి మళ్లీ వచ్చాడు.

రెండోసారి ఫోకస్ సరిగ్గా కుదిరింది. ప్రసారమైంది అదే.