దయ్యాన్ని లోపలికి పిలిచిన గుడి

"ఊళ్లో తేరు పండగను మైకు పట్టుకొని విమర్శించిన పిల్ల, జపాన్ పోయి దయ్యం ముసుగు మీద గింజలు విసిరి మురిసిపోయింది." అక్కడ దిగి ఫోనులో అందరికీ పెట్టిన నా ఫొటో కింద కోడుమూరు దగ్గరి మా ఊరివాళ్లు మోపిన అభియోగమిది. తప్పించుకోను. కానీ ముందు ప్రయాణం సంగతి వినండి, నా జవాబు అందులోనే ఉంది.

కర్నూలులో డిగ్రీ చదువుతున్న నేను విద్యార్థుల చర్చాపోటీకి టోక్యో వెళ్లాను. హైదరాబాదు దాకా బస్సు, అక్కడి నుంచి ఒకచోట మారి విమానం. పోటీ ముగిసిన మర్నాడే సెత్సుబున్, చలికాలాన్ని సాగనంపే ఫిబ్రవరి పండుగ. వేయించిన సోయా గింజలు విసురుతూ "దయ్యాలు బయటికి, భాగ్యం లోపలికి" అని కేకలు వేస్తారని చదివినప్పటి నుంచి నాకు ఒకటే ఆరాటం. మా బస పక్కనే భారతీయ హోటల్లో వంట చేసే కడప ఓబులేసన్న తమ పేటలోని చిన్న గుడికి రమ్మన్నాడు. "నేను ముందే పోవల్ల. అందరికంటే పొడుగని ఏటా నన్నే దయ్యం చేస్తారమ్మా," అన్నాడు, ఏదో పదవి దక్కినట్టు.

ఉదయం పదింటికి లోకల్ రైలెక్కాను. టికెట్టు రెండు వందల యెన్లు, గింజల పొట్లం మూడు వందలు, గుడి ప్రవేశం ఉచితం. దారిలో ఇళ్ల గుమ్మాలకు ముళ్ల ఆకుల కొమ్మా, కాల్చిన చేపతలా కట్టి ఉన్నాయి. దయ్యాలకు ఆ ముళ్లూ ఆ కంపూ గిట్టవట. మన నిమ్మకాయా మిరపకాయలూ గుర్తొచ్చి నా నడక వేగం పెరిగింది.

గుడి చేరేసరికి ఢంకా మోగింది. ఎర్ర ముసుగులో ఓబులేసన్న గర్జిస్తూ వచ్చాడు. నేను గుప్పెడు గింజలు విసిరి, వేదికల మీద పదునెక్కిన గొంతుతో "దయ్యాలు బయటికి" అని జపనీస్‌లో అరిచాను. అందరూ నా వైపు తిరిగారు. పూజారి నవ్వాపుకున్నాడు. ముసుగులోంచి కడప గొంతు వినిపించింది: "ఏమ్మా, నన్నే తరుముతాండావా? ఈ గుళ్లో దయ్యాల్ని గూడా లోపలికే రమ్మంటారు. టీ పోస్తారు. నా టీ చెడగొట్టొద్దు."

మిగతా గుళ్లు తరిమిన దయ్యాలకు ఎక్కడో ఒకచోట నీడ ఉండాలి కదా, అందుకే ఇక్కడ పిలుస్తారట. గింజల దెబ్బలకు లొంగిన దయ్యాన్ని పూజారి చెయ్యి పట్టుకొని మెట్లెక్కించి బుద్ధుని ముందు కూర్చోబెట్టాడు. నేను మాట మార్చి, "దయ్యాలూ లోపలికి" అని గొంతు బొంగురుపోయేదాకా అరిచాను. తర్వాత ఆచారం ప్రకారం వయసుకు ఒకటి ఎక్కువగా గింజలు లెక్కపెట్టుకొని తిన్నాం. ఓబులేసన్న ముసుగు తీసి టీ తాగాడు.

ఆ సాయంత్రం మేనత్త నాగమ్మకు ఫోనులో అదంతా చూపించాను. పోయినేడు తేరు ముందు కలశం ఎత్తుకోబోతే, భర్త లేనిదానివని ఆమెను వరస నుంచి తప్పించారు. నేను మైకు పట్టింది అందుకే. అత్త నవ్వింది. "దయ్యానికే టీ పోసినారంటే శానా మంచోళ్లే. నేను కలశమే గదా అడిగింది, టీ గూడా వద్దు."

పండుగ మీద నాకు ఏనాడూ పగ లేదు. నా వాదమంతా మూసిన తలుపు మీద. అలాంటి నా నోటికే "బయటికి" అన్న కేక ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ గుడిలో చూశాను. మీరు వెళ్తే గింజలు కొనే ముందే అక్కడ ఏమని అరుస్తారో అడగండి, గుడిగుడికీ మారుతుంది.

ఇక మా ఊరివాళ్లకు. ఈ ఏడు తేరు కదిలే ముందు మొదటి కలశం నాగమ్మత్త చేతికివ్వండి. ఆమె మళ్లీ అడగదు. మీరే పిలవండి.