చుక్కలు పడని రెండు వరసలు

మా పిన్ని ఇరవై రెండేళ్లు బడులు తనిఖీ చేసింది. ఆమె గడప తొక్కిందంటే టీచర్లకు ముచ్చెమటలు పోసేవి. కూరలో ఉప్పు తగ్గినా రిమార్కు రాసేస్తుందని బాబాయి ఆటపట్టించేవాడు.

రిటైరయ్యే ముందు ఆమెకు తన పని మీదే విసుగు పుట్టింది. "ఇన్నేళ్లూ తప్పులు ఏరుతూనే ఉన్నాను. నావల్ల ఒక్క టీచరన్నా బాగుపడిందంటావా?" అని నన్నడిగింది. చివరికి ఒక లెక్కల టీచరమ్మతో ఒప్పందం చేసుకుంది. మార్కులుండవు, రిపోర్టుండదు. పాఠం ఎవరికి అందడం లేదో ఇద్దరూ కలిసి కనిపెట్టాలి, కలిసి మార్చి చూడాలి. ఆ అమ్మాయిది ఏటేటా పొడిగించే కాంట్రాక్టు ఉద్యోగం. అయినా పిన్నిని నమ్మింది.

పిన్ని వెనక కూర్చుని బెంచీల పటం గీసి, టీచరు ఎవరిని ప్రశ్న అడిగితే వాళ్ల చోట చుక్క పెట్టింది. పీరియడు అయ్యేసరికి ముప్పై ఒక్క చుక్కలు పడ్డాయి. చివరి రెండు వరసల్లో ఒక్కటీ లేదు. ఆ అమ్మాయి పటం రెండుసార్లు చూసుకుంది. మర్నాటి నుంచి పిల్లల పేర్లతో చీటీలు వేసి, వచ్చినవాళ్లనే అడగసాగింది. ఆరో వారానికి వెనక వరసలు కూడా నిండాయి. తప్పో ఒప్పో, అందరూ నోరు విప్పారు. పిన్ని సంబరం అంతా ఇంతా కాదు.

అక్కడే కొంప మునిగింది. చేతికంటిన అలవాటు కదా, పటాలన్నిటికీ తేదీ వేసి, సంతకం పెట్టి ఆఫీసు ఫైల్లో పడేసింది. కాంట్రాక్టులు పరిశీలించిన అధికారి మొదటి పటం చూసి పొడిగింపు ఆపేశాడు.

పిన్ని పరుగెత్తింది. "అది తప్పు పట్టడానికి గీసింది కాదండీ. తర్వాతివి కూడా చూడండి."

"చూశాను మేడమ్. అవి మీరు చెప్పాక మారినవి. మొదటిదే ఆవిడ అసలు తీరు. సంతకం మీదేగా?"

వింటే నాకే ఒళ్లు మండింది. పిన్ని తొమ్మిది రోజులు కాళ్లరిగేలా తిరిగి, పొరపాటు తనదేనని రాసిచ్చి, పొడిగింపు తెచ్చింది. ఆ కాగితం స్వయంగా ఇద్దామని, ముందురోజే కబురు పెట్టి బడికి వెళ్లింది.

టీచరమ్మ కాగితం తీసుకుని, కుర్చీ చూపించి పాఠం మొదలుపెట్టింది. చీటీలు లేవు. వరసగా అందరినీ అడిగింది. ఒక్కొక్కరే లేచి తడుముకోకుండా జవాబు చెప్పారు. ఒక్కరూ తప్పు చెప్పలేదు.

గంట కొట్టాక పిన్ని మెల్లగా అడిగింది. "మళ్లీ కలిసి పని చేద్దామా అమ్మా?"

"అలాగే మేడమ్. ఎప్పుడొస్తారో ముందే చెప్పండి, పిల్లల్ని సిద్ధం చేసి ఉంచుతాను."