వదిన నొప్పిని కాటా వేశాను

చాలా ఏళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. బరువులు తూచడమే నా పని, అయినా దీని బరువెంతో నాకు అందలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నర్సీపట్నంలో మాది చింతపండు, పసుపు కొనే కొట్టు. మన్యం నుంచి దిగిన సరుకు కాటా వేసేది నేనే. పెద్దగా చదువుకోలేదు. తేమకూ మట్టికీ తరుగు తీయడం, ధర కట్టడం నాకు నేనే నేర్చుకున్నాను. నా లెక్క తప్పదని గర్వం. ఆ గర్వం ఎంత నీచమైనదో తర్వాత తెలిసింది.

మా ఆయన అక్క పెళ్ళి చేసుకోలేదు, మాతోనే ఉండేది. నాకు వదిన. కీళ్ళవాతంతో ఆమె వేళ్ళు వంకర్లు పోయాయి. పొద్దున్నే చెంబు ఎత్తాలంటే మూలిగేది, పడుకుంటే మూలిగేది. వారపత్రికల్లో వచ్చే చారిత్రక నవలలంటే మాత్రం ప్రాణం. మన వైపు కోటలు, కళింగ సేనలు, ముట్టడులు. వారం వారం ఆ పేజీలు విడదీసి దాచి, నవల పూర్తయ్యాక మా బస్తాలు కుట్టే దబ్బనంతో, పురికొసతో తనే కుట్టుకునేది. ఆ వేళ్ళతోనే. మధ్యాహ్నం ఒక కట్ట ఒళ్ళో పెట్టుకుందంటే సాయంత్రం దాకా మూలుగు వినపడేది కాదు.

నాకు అనుమానం పుట్టింది అక్కడే. గిన్నెలు తోమేటప్పుడు ఉండి, రాజుల కథ చదివేటప్పుడు లేకుండా పోయే నొప్పి ఏం నొప్పి? పని తప్పించుకునే నటన కాదూ?

తొంభైల చివర్లో ఒక క్రిస్మస్‌కు ముందు ఇంటికి సున్నాలు వేయించాం. సామానంతా వాకిట్లో ఉంది. పనికిరానివి తీసేస్తానన్నాను. వదిన చర్చికి వెళ్ళిన పూట, ఆ కట్టలన్నీ పాత పేపర్ల కొట్టుకు పంపేశాను. ఇల్లు ఇరుకని నాకు నేను చెప్పుకున్నాను. అదీ అబద్ధమే. కట్టలుండే అలమరా ఖాళీ అయినా అందులో నేనేమీ సర్దలేదు. నాకు కావలసింది జాగా కాదు. పుస్తకాలు లేకపోతే ఆమె ఏం చేస్తుందో చూడాలి. అంతే.

"చెదలు పట్టేశాయి వదినా. కాల్చేశాను," అన్నాను.

"ఓలమ్మో, అన్నీనా?" అంది. తర్వాత నవ్వింది. "పోన్లేయే. కత నాకు నోటికొచ్చు. సెదపురుగులకి రాదు కదేటి, సదువుకోనీ. నువ్వు బేగి సేతులు కడుక్కో, దురదలెడతాయి."

ఆ మర్నాటి నుంచి మధ్యాహ్నాలు కూడా మూలుగు వినిపించింది. సన్నగా, పళ్ళ బిగువున. నొప్పి ఎప్పుడూ ఉందని, చదువుతున్నంతసేపు ఆమె దాన్ని పక్కకు నెట్టి కూర్చునేదని నాకు అప్పుడు అర్థమైంది. అర్థమయ్యాక ఏం చేశాను? ఆ వారంలోనే బజారుకు వెళ్తూ పేపర్ల కొట్టు ముందు ఆగాను. మా పురికొస కుట్లతో కట్టలు ఇంకా అరుగు మీదే ఉన్నాయి. అడిగితే ఇచ్చేవాడు. తెస్తే చెదల మాట అబద్ధమని తేలిపోతుంది. తల తిప్పుకుని వచ్చేశాను. తెలియక చేసిన మొదటి పని కంటే, తెలిసి చేసిన ఈ రెండోదే ఎక్కువ బరువు.

తర్వాతి ఏళ్ళలో ఆమె వేళ్ళకు నూనె రాసేదాన్ని. రాస్తుంటే కోట ముట్టడి కథ చెప్పేది. పోనుపోను మరపు వచ్చింది. రాణి సొరంగంలో దిగే చోట ఆగిపోయి, "తరవాతేటే?" అని నన్నే అడిగేది. నేనా కట్టల్లో ఒక్క పేజీ చదవలేదు. "గుర్తు లేదు వదినా," అనేదాన్ని, చదివినదానిలా. ఎన్ని అబద్ధాలు!

ఆమె పోయినప్పుడు చర్చిలో ఆడవాళ్ళు నన్ను పట్టుకుని, సొంత చెల్లెలు కూడా ఇంత సేవ చేయదన్నారు. తల వంచుకుని విన్నాను. వినయమనుకుని ఉంటారు.

మా ఆయనకు ఇప్పటికీ తెలియదు. మీకు చెప్పినంత మాత్రాన ఆమెకు చెప్పినట్టు కాదు, అదీ తెలుసు. అయినా ఇది రాస్తుంటే ఊపిరి కాస్త హాయిగా ఆడుతోంది. ఆ హాయిని చూస్తే రోత పుడుతోంది. కానీ అది లేదని ఇంకో అబద్ధం రాయలేను.