యాదయ్య లేని ఆటలు

ముసురు పట్టిన రోజున బీరువాలోంచి గొంగడి తీస్తే గదంతా తడి ఉన్ని వాసన నిండుతుంది. ఆ వాసనతో కోస్గి మార్కెట్ వెనుక బీడూ, దాని అంచున ఇదే గొంగడి పరుచుకుని స్కోరు రాసే బీరప్ప కాకా కళ్ల ముందుకు వస్తారు. కాక గొర్రెల కాపరి. ఏడో తరగతి దాకా చదివాడు. ఆ బీడులో తాను ఒక్క బంతి కూడా ఆడలేదు. కానీ ఇరవై ఏళ్లకు పైగా అక్కడ జరిగిన ప్రతి క్రికెట్ ఆటనూ పొడుగు నోటుపుస్తకాల్లో రాశాడు. మంద ఒకవైపు మేసేది, పెన్ను ఒకవైపు నడిచేది.

ఇంజనీరింగ్ అయిపోయి ఉద్యోగం ఇంకా రాని ఎండాకాలంలో, ఫోన్లో ఆడుకునే ఆట ఒకటి తయారు చేయాలనుకున్నాను. ప్రపంచ ఆటగాళ్లతో అలాంటివి చాలా ఉన్నాయి. నాది మా బీడు ఆట. అక్కడ ఎన్నడైనా ఆడినవాళ్లందరిలోంచి ఎవరికి వారు తమ పదకొండు మందిని ఎంచుకోవాలి. రెండు జట్లను ఎదురెదురుగా పెడితే ఎక్కువ పాయింట్లున్నది గెలుస్తుంది. కాక పద్దెనిమిది పుస్తకాలను యూరియా సంచిలో కట్టి ఇచ్చాడు.

"జర పైలం బిడ్డా. గివి పోతే గీ ఊర్ల ఎవ్వడు ఆడనట్టే."

వాటిలోంచి అరవై నలుగురు ఆటగాళ్లు తేలారు. పరుగుకు ఒక పాయింటు, వికెట్టుకు ఇరవై, మొత్తాన్ని ఆడిన ఆటలతో భాగించాను. ఆదివారం బీడులో జరిగే పోటీ ఫైనల్ నాడు ఆటను అందరి ఫోన్లకూ పంపుతానని ముందే చెప్పేశాను. శుక్రవారం కాకకు జాబితా చూపిస్తే ఆయన పైనుంచి కాదు, కిందినుంచి చదివాడు. అరవై నాలుగో పేరు యాదయ్యది. మార్కెట్లో హమాలీ. చేతులకు తొడుగులు లేకుండా ఏళ్ల తరబడి వికెట్ల వెనుక నిలబడి, బ్యాటింగుకు అందరికన్నా చివర వచ్చినవాడు. అతని కుడి చిటికెన వేలు ఇప్పటికీ పక్కకు తిరిగే ఉంటుంది.

"ఆదివారం వాడు గూడ వస్తడు," అన్నాడు కాక. "కొడుకు ఫోన్ల చూస్తడు. వాని పేరు అడుగుకు పెట్టి వానికే చూపిస్తవా?"

"లెక్కనే గట్ల వచ్చింది కాకా. నేను పెట్టలే."

"మరి ఎవరు పెట్టిండ్రు, మా పొట్టేలు పెట్టిందా?"

నాకు కోపం వచ్చింది. చేతితో పాయింట్లు కలిపితే అది ఆట కాదు, మొహమాటం. ఆ మాటే అన్నాను. కాక లేచాడు. మంద దొడ్డిలోకి పోయే వేళయింది. ఆయన గొర్రెలను ఎన్నడూ లెక్కపెట్టడు. లెక్కపెడితే మందకు దిష్టి అని వాళ్లింట్లో నమ్మకం. తలుపు దగ్గర నిలబడి మొహాలు చూస్తాడు, అంతే.

"చెవి తెగిన గొర్రె రాలే," అంటూ వెనక్కి నడిచి, కంప చాటు నుంచి దాన్ని తోలుకొచ్చాడు.

"అదొక్కటే లేదని ఎట్ల తెలిసింది?"

"ఉన్నదాన్ని చూస్తే ఏం తెలుస్తది? లేనిదాన్ని చూడాలె. యాదయ్య పుణెకు పనికి పోయిన రెండేండ్లు తీసి చూడు, పో."

తీసి చూశాను. కీపర్ వదిలేసిన బంతులకు వచ్చే పరుగులు, అంటే బైస్, ఆటకు నాలుగు ఉండేవి పందొమ్మిదయ్యాయి. మా ఫాస్ట్ బౌలర్ వికెట్లు సగానికి పడిపోయాయి. వెనుక ఆపేవాడు లేడని మెల్లగా వేశాడన్నమాట. అరవై నలుగురికీ ఒక గడి చేర్చాను: ఇతను లేని ఆటల్లో జట్టు ఎంత పోగొట్టుకుంది? దాన్నీ లెక్కలోకి తీసుకుంటే, నా చెయ్యి పెట్టకుండానే యాదయ్య తొమ్మిదో స్థానానికి వచ్చాడు.

ఆదివారం యాదయ్య తన కొడుకు ఫోను పట్టుకుని, వంకర వేలితో తెరను జరుపుతూ తన పేరు దగ్గర ఆగాడు.

"బాల్ ఆపినోనికి గూడ పాయింట్లు ఇస్తరా?" అని నన్ను అడిగాడు.

"ముచ్చట్లు బంద్ చెయ్‌రా, ఓవర్ నడుస్తాంది," అన్నాడు కాక, పుస్తకంలోంచి తల ఎత్తకుండా.

కాక పోయి రెండేళ్లయింది. గొంగడిని కాక భార్య చిన్నమ్మ నాకిచ్చింది. ఉద్యోగంలో ఏ పనికైనా మనుషులను ఎంచాల్సి వచ్చినప్పుడు ఇప్పటికీ ఆ 'లేని ఆటల' గడినే ముందు నింపుతాను. అప్పుడప్పుడు కాక పేరు కూడా మా బీడు జాబితాలో వేసి చూస్తాను. ఆటలు సున్నా. పరుగులు సున్నా. వికెట్లు సున్నా. చివరి గడి కోసం ఆయన్ను, ఆయన రాసిన పుస్తకాలను తీసేస్తాను. అరవై నలుగురిలో ఒక్క పేరూ మిగలదు.